పూయించిన ఉత్తరాలు

కోమాస్, లిమా
2 ఆగస్టు 1976

హెర్మెలిందక్కకి,

నీ చెల్లెలు ఒటీలియా ముద్దులతో రాసేది. ఇక్కడ మేము బాగున్నాం. బాగున్నామంటే, ఈ లిమా చలికాలంలో మనిషి ఎంత బాగుండగలడో అంత. పొద్దున లేచేసరికి దుప్పటి తడి, గోడ తడి, అగ్గిపెట్టె తడి. ఈ జల్లు గట్టిగా కురవదు, పూర్తిగా ఆగదు. మన మోన్సెఫూ ఎండ ఒక్క పూట ఇటు పంపిస్తే బాగుండు.

అసలు సంగతి. నాకు నెల తప్పింది అక్కా. మార్చిలో కాన్పు. మా ఆయన రొహేలియో కాళ్ళు నేల మీద ఆనడం లేదు, ఆదివారాలు ఇటుకలు మోసి రెండో గది లేపుతున్నాడు. ఆ గోడలు చూడగానే నాకు మొదట తట్టింది దెల్మీరా. నాలుగేళ్ళ పిల్లను నీ చేతిలో పెట్టి వచ్చాను. ఇళ్ళల్లో పనికి కుదిరినదాన్ని, పిల్లను వెంటబెట్టుకు రానిచ్చే యజమానురాలు ఎక్కడ దొరుకుతుంది? ఇప్పుడు మార్కెట్లో కూరగాయలమ్మే బల్ల నాకంటూ ఉంది, మొగుడున్నాడు, నెత్తి మీద కప్పుంది. ఏప్రిల్లో బడి తెరిచేలోగా నా కూతుర్ని నా దగ్గరికి తెచ్చుకుంటాను. నువ్వూ బావా చేసిన మేలు నేను చచ్చేదాకా మరవను.

ఇంకో మాట, కోపగించుకోకు. నీ పోయిన ఉత్తరం విప్పగానే గుప్పుమని ఫ్లోరిదా నీళ్ళ వాసన. లవంగం, నారింజ తొక్క, అడుగున సారా ఘాటు, సందేహమే లేదు. కాగితమంతా చుక్కలు చుక్కలుగా మరకలు. అంతకు ముందుదీ అంతే. ఎవరైనా కాగితాన్ని పూయించారా? ఊరికే అడుగుతున్నా.

నీ ఒటీ


మోన్సెఫూ
సోమవారం, 16 ఆగస్టు

ఒటీలియాకి,

నీ కడుపు చల్లగా ఉండాలి. బరువులెత్తకు, గుమ్మడికాయల బుట్టలు మరిదిని మొయ్యమను. సోమవారం కాబట్టి పొయ్యి మీద ఎస్పెసాదో ఉడుకుతోంది. మొక్కజొన్న గుజ్జు అడుగంటకుండా ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తప్పు కుండది, నాది కాదు.

ఫ్లోరిదా నీళ్ళ సంగతి అడిగావు. ఆ సీసా లేని ఇల్లు మోన్సెఫూలో ఒకటి చూపించు. తలనొప్పికి కణతలకు రాసేదీ అదే, పీడకలలకు దిండు మీద చిలకరించేదీ అదే, శవాన్ని తుడిచేదీ అదే. టోపీలు సంతకి కట్టే ముందు గుమ్మంలో చల్లేదీ అదే. మా అలమరలో టోపీ గడ్డి పక్కన సీసా ఉంటుంది, సీసా పక్కన కాగితాలుంటాయి. వాసన అంటి ఉంటుంది. మరకలంటావా, నా చెమట.

పూయించడమంటే ఏమిటో లిమా వెళ్ళి మర్చిపోయినట్టున్నావు. మంత్రవైద్యం చేసే మాయెస్త్రో గుక్కెడు నోట్లో పోసుకుని, మనిషి పేరు తలుచుకుని, తుంపరగా ఊదాలి. అప్పుడు ఆ మనిషి పూస్తుంది, దశ తిరుగుతుంది, ఎంత దూరానున్నా మనసు ఇటు లాగుతుంది. నాకెవరి మనసు లాగే పనుంది చెప్పు?

ఇక దెల్మీరా. 'తెచ్చుకుంటాను' అని రాశావు, 'చూసుకుంటాను' అని రాయలేదు. ఆరేళ్ళలో ఒక్కసారి వచ్చి వెళ్ళావు, అదీ ఒక్క పూట. ఇన్నాళ్ళూ గుర్తురాని పిల్ల ఇప్పుడు కడుపు పండగానే గుర్తొచ్చిందంటే, పుట్టబోయేవాడి ఉయ్యాల ఊపడానికి చెయ్యి కావాలేమోనని నాకో అనుమానం. నేనూ ఊరికే అడుగుతున్నా.

పిల్ల బాగుంది. పొడుగైంది. టోపీ అంచు అల్లడం నేర్చింది, ఈ ఉత్తరం పోస్టు చేసేది కూడా అదే, గంతులేసుకుంటూ పోతుంది.

మీ అక్క
హెర్మెలిందా


కోమాస్
5 సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కన్నకూతుర్ని నేను పనిపిల్లగా పెట్టుకుంటానా? నీ నోట్లోంచి ఆ మాట వస్తుందని నేననుకోలేదు.

కళ్ళు తుడుచుకున్నాక మళ్ళీ ముక్కుకి తగిలింది, అదే వాసన. ఆగలేక పక్కింటి పెత్రోనమ్మకి చూపించాను. ఆవిడది హువాంకబాంబా కొండప్రాంతం, ఇలాంటివి చూస్తూ పెరిగిన మనిషి. కాగితాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసింది. "ఇది అంటిన వాసన కాదమ్మాయ్. సీసా ఒలికితే ఒకటే మరక పడుద్ది. ఇవి చూడు, ఆవగింజంత కొన్ని, శనగగింజంత కొన్ని. నోటితో ఊదారు" అంది. "ఎవరిదీ ఉత్తరం?" అంటే మా అక్కది అన్నాను. నా పొట్ట వైపు చూసి లేచిపోయింది. ఆ చూపుకి నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

చిక్లాయో నుంచి ఉల్లిపాయలు తెచ్చే లారీ అతను ఇంకో మాట చెప్పాడు. మే నెలలో నువ్వు పిల్లను వెంటబెట్టుకుని సాలస్ బస్సెక్కుతుంటే చూశాడట. సాలస్ ఎందుకు పోతారో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. అక్కడ ఇంటికో మాయెస్త్రో. టోపీలమ్మడానికి ఎవరూ పోరు.

నా బిడ్డ నన్ను మర్చిపోవాలని మంత్రం వేయించి కట్టు కట్టించావా అక్కా? కట్టిస్తే కట్టించానని చెప్పు. తిట్టను. పిల్లలు లేనివాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది.

ఒటీలియా


మోన్సెఫూ
27 సెప్టెంబరు

ఒటీలియాకి,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని కాదు నేను. అందుకే నిదానంగా, నీ ఉత్తరం వచ్చిన ఇన్ని రోజులకి జవాబిస్తున్నాను. ముందే రాసుంటే కాగితం కాలిపోయేది.

సాలస్ వెళ్ళాను. నిజమే. మీ బావ బండి మీంచి పడి నడుం పట్టేసి, గేదెలా నాలుగు కాళ్ళ మీద పాకుతుంటే, ఆసుపత్రిలో మాత్రలిచ్చి పొమ్మంటే, ఇంకెక్కడికి పోతాను? మీ లారీ అతనికి నేనూ పిల్లా కనిపించాం గానీ వెనకాల ఇద్దరు మనుషులు మోసుకొస్తున్న మీ బావ బల్తసార్ కనిపించలేదా? ఆ మాయెస్త్రో రాత్రంతా కూర్చోబెట్టి ఫ్లోరిదా నీళ్ళు ఊదాడు. తెల్లారి మీ బావ లేచి నడిచాడు. నీళ్ళ మహిమో, మహిమ మీద ఈయనకున్న నమ్మకమో నేను చెప్పలేను. అంతకు మించి అక్కడ ఏమీ జరగలేదు.

నా నోటితో వేడి పులుసు చల్లార్చుకోవడం తప్ప నేను దేని మీదా ఊదలేదు. ఊదారంటోందే మీ పెత్రోనమ్మ, ఆవిడ వంటింట్లోనే సీసా ఉందేమో వెళ్ళి చూడు. మా ఉత్తరాలు నీకంటే ముందు ఎవరి చేతిలో పడుతున్నాయి? మీ ఆయన చేతిలోనా? నేనింతవరకూ ముఖం చూడని మనిషి. పరాయివాడి బిడ్డ ఇంట్లోకి రావడం అతనికి ఇష్టమేనా అని ఎప్పుడైనా సూటిగా అడిగావా?

'పిల్లలు లేనివాళ్ళ బాధ' అని రాసేటప్పుడు నీ చెయ్యి వణకలేదా ఒటీ? నీ అక్షరాలు చూశాను, ఏమీ వణకలేదు. గుండ్రంగా ఉన్నాయి.

చెరలోని క్రీస్తుస్వామి పండుగ బాగా జరిగింది. ఊరేగింపులో దెల్మీరా పూలబుట్ట పట్టుకుంది.

హెర్మెలిందా


కోమాస్
24 అక్టోబరు

అక్కా,

ఇక్కడ ఊరంతా ఊదారంగు బట్టలే, లిమా వాళ్ళ క్రీస్తుస్వామి ఊరేగింపు. ఇంత పొట్టేసుకుని ఆ జనంలోకి వెళ్ళాను. నా బిడ్డను నాకిప్పించమని అడిగాను. వచ్చేటప్పుడు దెల్మీరా కోసం తుర్రోన్ మిఠాయి కొన్నాను, పంపే దారిలేక మేమే తిన్నాం.

రొహేలియో నీ ఉత్తరాలు ముట్టుకోడు. అతను భయపడుతున్నాడు. నీ ఉత్తరం వచ్చిన రోజే గది గోడ ఒకటి కూలింది, కాబట్టి వాసన సంగతి అతనే మొదట ఎత్తుతున్నాడిప్పుడు. బావ నడుం నమ్ముతాను. మిగతాది నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను, కానీ కవరు ముక్కు దగ్గర పెట్టుకుంటే నా ప్రయత్నం అంతా పోతోంది.

పెత్రోనమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఇకమీదట నీ ఉత్తరాలు భయం లేకుండా చదువుకోవచ్చట. ఎలాగో నీకు చెప్పొద్దంది.

ఒటీ


మోన్సెఫూ
8 నవంబరు

చెల్లీ,

నీ ఉపాయాలు నీ దగ్గరే ఉంచుకో, నేనడగను. ఇద్దరం కయ్యానికి కాలు దువ్వింది చాలు. ఈసారి మంచి కబురు రాస్తున్నాను.

దెల్మీరాకి డిసెంబరు ఎనిమిదో తారీకున, అమ్మవారి పండుగ రోజున, మొదటి సత్ప్రసాదం. దాని నాలుక మీద దేవుడి అప్పం పెట్టడానికి పాదిరీ ఒప్పుకున్నాడు. తెల్లబట్టలు నేనే కుడుతున్నాను, అంచుకి మన ఊరి కుట్టు. ముందు రాత్రి నుంచి పిల్ల ఏమీ తినకూడదు, అదొక్కటే దానికి బెంగ. గుడి గుమ్మంలో కన్నతల్లి కొవ్వొత్తి వెలిగించి పిల్ల చేతికివ్వాలని మా పాదిరీ నియమం. తల్లి లేని పిల్లలకైతే ఎవరైనా ఇవ్వొచ్చట. దీనికి తల్లుంది కదా అన్నాడాయన. నేను తలొంచుకున్నాను.

నువ్వు రా ఒటీ. "అమ్మ వస్తుందా, బస్సు ఏ వేళకి దిగుతుంది" అని పిల్ల ప్రాణం తీస్తోంది. నువ్వొస్తే అప్పుడే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం, ఎప్పుడు తీసుకెళ్తావో, ఎలా చూసుకుంటావో. కాగితం మీద మనిద్దరికీ మంచి మాట రావడం లేదు. బాతు ఒకటి మేపుతున్నాను, నీ కోసమే.

నీ అక్క


కోమాస్
1 డిసెంబరు

హెర్మెలిందాకి,

ఇక దాచి లాభం లేదు. నీ ఉత్తరం ఒక రాత్రంతా ఉప్పునీళ్ళలో ముంచి, ఎండబెట్టి చదివాను. ఉప్పులో పడితే ఎంత గట్టి కట్టైనా చస్తుందని పెత్రోనమ్మ చెప్పిన ఉపాయం అదే. సిరా చాలావరకు కొట్టుకుపోయింది. మిగిలింది మాత్రం మిగలాల్సిందే మిగిలిందంటుంది ఆవిడ. ఏం మిగిలిందో చెప్పనా? 'ఎనిమిదో తారీకు'. 'తెల్లబట్టలు'. 'ముందు రాత్రి నుంచి పిల్ల ఏమీ తినకూడదు'. 'కొవ్వొత్తి'. దాని కింద నా పేరు.

పదేళ్ళ పిల్లని ఉపవాసం ఉంచి, తెల్లబట్టలు కట్టి, నా పేరు పక్కన కొవ్వొత్తి వెలిగించి నువ్వు చేయించేది ఏమిటి? నా కడుపులో బిడ్డుందని కూడా చూడవా? రొహేలియో పోలీసుల దగ్గరికి వెళ్తానన్నాడు, నేనే ఆపాను.

ఎనిమిదో తారీకున నేను ఇల్లు కదలను. గుమ్మానికి సదాపాకు కట్టి, తలుపేసుకుని కూర్చుంటాను. నువ్వు ఏం పంపినా నా దాకా రాదు.

ఒటీలియా


మోన్సెఫూ
12 డిసెంబరు

ఒటీలియా,

ఈ ఉత్తరం పెన్సిల్‌తో రాస్తున్నాను. ఉప్పులో ముంచుకో, ఉడకబెట్టుకో, చెరగదు.

ఎనిమిదో తారీకున జరిగింది మొదటి సత్ప్రసాదం. గుడిలో. పాదిరీ ఎదుట. నిన్ను రమ్మని బతిమాలి రాశాను. కన్నతల్లి కొవ్వొత్తి ఇవ్వాలని రాశాను. నువ్వు దాన్ని నీళ్ళలో కడిగి చేతబడి అని చదువుకున్నావు. నవ్వాలో ఏడవాలో తెలియక మీ బావ టోపీ నేలకేసి కొట్టాడు.

పిల్లలందరూ లోపలికి వెళ్ళిపోయినా దెల్మీరా గుమ్మం దగ్గరే నిలబడింది. వెలిగించని కొవ్వొత్తి పట్టుకుని రోడ్డు వైపే చూస్తోంది. చివరికి పాదిరీ వచ్చి, "అమ్మకి బస్సు దొరికుండదు తల్లీ" అని నా చేత వెలిగించాడు. అది ఏడవలేదు. ఏడ్చుంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. నువ్వు మాత్రం ఆ వేళకి సదాపాకు కట్టుకుని తలుపు వెనక కూర్చున్నావు.

ఇంతవరకు నిన్న రాసి, మడతపెట్టకుండా బల్ల మీదుంచి, కోళ్ళకి గింజలు వెయ్యడానికి పెరట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి దెల్మీరా బల్ల ముందు నిలబడి ఉంది, బుగ్గలు బూరెల్లా ఉబ్బించి. చేతిలో ఫ్లోరిదా నీళ్ళ సీసా. నేను అరిచేలోపల కాగితం మీద తుస్సుమని ఊదేసింది. సగం మింగేసినట్టుంది, దగ్గు, కళ్ళ వెంట నీళ్ళు.

"ఏంటే ఆ పని?"

"పూయిస్తున్నా."

"ఎవర్నే?"

"అమ్మని. సాలస్‌లో పెదనాన్నకి ఇలాగే చేశాడుగా మాయెస్త్రో. పెదనాన్న లేచి నడిచాడు. అమ్మని పూయిస్తే బస్సెక్కదా?"

"ఎప్పట్నించి చేస్తున్నావే?"

"సాలస్ నుంచి వచ్చిన కాడ్నించి. పోస్టుకి ఇస్తావుగా, దార్లో విప్పి మళ్ళీ అంటిస్తా. ఇంట్లోంచి చిన్న సీసాలో పోసుకుపోతా." ఆ మీదట ఏమందో తెలుసా? "ఈసారి రాలేదంటే తక్కువ ఊదినట్టున్నా పెద్దమ్మా."

పెత్రోనమ్మ ముక్కుకి దండం పెడుతున్నాను. ఆవిడ చెప్పింది నిజమే, నోటితో ఊదిందే. ఆ నోరు నాది కాదు. నీ కూతురిది.

హెర్మెలిందా


కోమాస్
20 జనవరి 1977

అక్కా,

ఈ ఉత్తరం చింపెయ్యకుండా చదువు. నాకు అంతకంటే ఇంకేం అడిగే మొహం లేదు.

నీ పెన్సిల్ ఉత్తరం ముంచాను. చెరగలేదు. చదివాను, నమ్మలేదు. దొరికిపోయి పిల్ల మీదికి నెట్టావనుకున్నాను. చెప్పకుండా వచ్చి పట్టుకోవాలని బస్సెక్కాను. నువ్వు టోపీల మూట ఎత్తుకుని ఏతెన్ సంతకి వెళ్ళావు, బావ పొలంలో ఉన్నాడు. తలుపు తీసింది దెల్మీరా. తల నుంచి పాదాల దాకా అదే వాసన. నేను ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాను. ఇన్నేళ్ళకి నా కూతుర్ని చూసి నేను చేసిన మొదటి పని అదే అక్కా. అది నా వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

ఆ పెరట్లోనే దానికి ఉప్పునీళ్ళతో స్నానం చేయించాను. ఎందుకని అడగలేదు. బట్టలు సర్దుకోమంటే సర్దుకుంది. నువ్వొచ్చేదాకా ఉండాలని నాకు తెలుసు. ఉంటే నువ్వు దాన్ని పట్టుకుని ఏడుస్తావు, అది నిన్ను పట్టుకుంటుంది, ఇక నాతో రాదని భయపడ్డాను. ఎదురింటివాళ్ళకి చెప్పి దొంగలా తీసుకొచ్చేశాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటావా అమ్మా అన్నాను. "మీరు కూర్చోండి" అంది. ఆకలేస్తోందా అంటే, "మీరెప్పుడు తింటే అప్పుడే" అంది. వచ్చి పదిరోజులు దాటింది, ఇంకా మీరనే. అడగకుండానే ఇల్లు ఊడుస్తుంది, మంచం సర్దుతుంది, రొహేలియో వస్తే లేచి నిలబడుతుంది. అతను పాపం దానికోసం గది తలుపుకి నీలం రంగు వేశాడు. "మీకు శ్రమ" అంది. నిన్ను నువ్వు అంటుంది. కోడిని నువ్వు అంటుంది. నన్ను మాత్రం మీరు.

పెత్రోనమ్మని పిలిచాను. దిష్టి తీసినట్టు గుడ్డుతో ఒళ్ళంతా తుడిచి, దాన్ని గ్లాసు నీళ్ళలో కొట్టి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. "ఈ పిల్ల మీద ఏ కట్టూ లేదమ్మాయ్, ఎప్పుడూ లేదు" అంది. నేను ఏడ్చాను. సంతోషంతో కాదు. కట్టైతే విప్పేవాళ్ళు దొరుకుతారు. ఇది నేను దగ్గర లేకపోవడం. దీన్నెవరు విప్పుతారు?

వెనక్కి తెచ్చి నీ దగ్గర దించెయ్యమంటే దించేస్తాను. లేదంటే నాకు కొన్ని చెప్పు. అది రాత్రి పక్క మీద ఎటు తిరిగి పడుకుంటుంది? ఏ కూర పెడితే మారడుగుతుంది? కోపమొస్తే ఏం చేస్తుంది? నాకు ఇంతవరకూ దాని కోపం కూడా తెలియదు.

నీ చెల్లెలు


మోన్సెఫూ
31 జనవరి

ఒటీ,

సంత నుంచి వచ్చేసరికి గూట్లో దాని దువ్వెన లేదు, చెప్పులు లేవు. ఎదురింటావిడ చెప్పేదాకా బావిలోకి తొంగి చూస్తున్నాను. అది నేను క్షమించడానికి చాలా కాలం పడుతుంది. క్షమించానని ఎవరైనా చెబితే నమ్మకు.

వెనక్కి తేకు. పిల్ల ఏమన్నా టోపీల మూటా, అటూ ఇటూ మోయడానికి?

అడిగినవి చెబుతాను. గోడ వైపు తిరిగి పడుకుంటుంది, వీపు మీద చెయ్యి వేస్తే నిద్రలోకి పోతుంది. ఉప్పుచేప, చిలగడదుంప పెడితే మారడుగుతుంది. కోపమొస్తే మాట్లాడదు, వస్తువులు వరసగా సర్దుతుంది. నీ ఇంట్లో అన్నీ సర్దుతోందంటే నీ మీద కోపంగా ఉందని అర్థం. మర్యాద అనుకుని మురిసిపోకు.

మీరు అంటోందని ఏడ్చావు. నీకు ఎప్పుడూ రాయలేదు, నన్నూ మీరనే అనేది. నువ్వు వదిలి వెళ్ళాక ఏడాది పైన. సాయంత్రమైతే వాకిట్లో కూర్చుని, "మా అమ్మ ఎప్పుడొస్తుందండీ" అని నన్ను పోస్టుమాస్టర్‌ని అడిగినట్టు అడిగేది. నేను చెయ్యని పని లేదు. బొమ్మ కుట్టిచ్చాను, తేనె పెట్టాను, ఒకరోజు విసుగొచ్చి అరిచాను కూడా. ఏదీ పనిచెయ్యలేదు. ఒక పొద్దున తల దువ్వుతుంటే చిక్కు గట్టిగా లాగినట్టున్నాను, "నీకు కళ్ళు లేవా పెద్దమ్మా!" అని ఊరంతా వినబడేలా అరిచింది. దువ్వెన అక్కడే పడేసి పెరట్లోకి పోయి ఏడ్చాను. మీ బావ ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు.

నేనేమీ చల్లలేదు, ఊదలేదు. రోజూ పొద్దున దాని తల దువ్వాను, అంతే. నీ మీద అరిచే రోజొకటి వస్తుంది. అప్పటిదాకా నువ్వు ఎక్కడికీ పోకు.

అక్క